అమెరికాలో హెల్త్ ఇన్సూరెన్స్ సొంతంగా అమ్మాలా, ఏజెన్సీలో చేరాలా? సంతకం పెట్టేముందు చూసుకోవాల్సినవి

సెప్టెంబర్ చివరికొచ్చేసరికి నాకు ఇలాంటి ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, లైసెన్స్ పరీక్ష పాసయ్యాను. ఒక ఏజెన్సీ వాళ్లు కాంట్రాక్ట్ పంపారు. ఈ రాత్రికల్లా సంతకం పెట్టమంటున్నారు, లేకపోతే సీజన్ పోతుందట. పెట్టేయనా, సొంతంగా మొదలుపెట్టనా?"

ఈ రాత్రికైతే పెట్టొద్దు. ఎవరడిగినా ముందు ఇదే చెబుతాను. ఏజెన్సీలన్నీ మోసమని నా ఉద్దేశం కాదు. నేనూ ఏజెన్సీలోనే పని నేర్చుకున్నాను. కానీ కాంట్రాక్ట్ సరిగ్గా చదవకుండా చేరాను. రెండు సీజన్లు కష్టపడి బయటికొచ్చిన రోజున, నేను చేర్పించిన కుటుంబాల్లో ఒక్కదాని మీద కూడా నాకు హక్కు లేదని తెలిసింది. అందుకే ఈ విషయంలో నా అభిప్రాయం కాస్త గట్టిగానే ఉంటుంది, ముందే చెబుతున్నాను.

ఇది అమెరికాలో హెల్త్ ఇన్సూరెన్స్ అమ్మాలనుకునే మనవాళ్ల కోసం. అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక మాట. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప వేరెక్కడా పని చేయకూడదు. "వీకెండ్‌లో 1099 మీద, కాంట్రాక్టర్‌గా చేస్తాను, అది ఉద్యోగం కాదుగా" అంటే కుదరదు, అదీ పనే. హెచ్-4 ఈఏడీ (పని అనుమతి కార్డు), గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది లేదు.

అడుగు 1: మీది ఏదో, ఏజెన్సీది ఏదో విడదీయండి

ఇక్కడ బీమాను నియంత్రించేది ప్రధానంగా రాష్ట్రాలు. 1945లో వచ్చిన మెక్‌కారన్-ఫెర్గూసన్ చట్టం ఆ అధికారాన్ని వాటికే వదిలింది. అందుకే లైసెన్స్ ఇచ్చేదీ రాష్ట్రమే. మీరుండే రాష్ట్రంలో పరీక్ష రాసి రెసిడెంట్ లైసెన్స్ తెచ్చుకుంటే, మిగతా రాష్ట్రాల్లో మళ్లీ పరీక్ష రాయకుండా నాన్-రెసిడెంట్ లైసెన్స్ తీసుకోవచ్చు. చాలా రాష్ట్రాలకు ఎన్‌ఐపీఆర్ వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పరీక్షకు ముందు కోర్సు చేయాలా వద్దా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సాస్‌లో తప్పనిసరి కాదు.

లైసెన్స్‌తోపాటు మీకు ఒక నేషనల్ ప్రొడ్యూసర్ నంబర్ వస్తుంది, అందరూ ఎన్‌పీఎన్ అంటారు. ఏజెన్సీ మారినా, రాష్ట్రం మారినా అదే నంబర్. లైసెన్స్, ఎన్‌పీఎన్, మీ పేరు మీద జరిగే తప్పులు, ఇవన్నీ మీవి. కస్టమర్ మీవాడా కాదా అన్నది మాత్రం కాంట్రాక్ట్ తేలుస్తుంది. ఈ తేడా తెలియకే చాలామంది దెబ్బతింటారు. తప్పు జరిగితే రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ నుంచి నోటీసు మీ పేరు మీదే వస్తుంది, రెన్యువల్ డబ్బు (పాలసీ కొనసాగినంతకాలం వచ్చే కమీషన్) మాత్రం ఏజెన్సీ ఖాతాకు పోవచ్చు.

అడుగు 2: "ఇండిపెండెంట్" అన్న మాటకు అర్థం అడగండి

ఉద్యోగ ప్రకటనల్లో ఈ మాటను ఎలా పడితే అలా వాడతారు. నిజానికి ఉన్నవి మూడు ఏర్పాట్లు.

మొదటిది క్యాప్టివ్. ఒకే ఇన్సూరెన్స్ కంపెనీ ప్లాన్లు అమ్ముతారు. జీతం, శిక్షణ ఉండొచ్చు. కస్టమర్‌కు వేరే కంపెనీ ప్లాన్ బాగుంటుందని తెలిసినా అమ్మలేరు.

రెండోది ఎల్‌వోఏ, అంటే లైసెన్స్‌డ్ ఓన్లీ ఏజెంట్. మీరు చాలా కంపెనీల ప్లాన్లు అమ్ముతారు, అప్లికేషన్ మీద మీ ఎన్‌పీఎన్ ఉంటుంది. కానీ కమీషన్ ముందే ఏజెన్సీకి రాసిచ్చేసి ఉంటారు. కంపెనీ డబ్బు ఏజెన్సీకి వేస్తే, ఏజెన్సీ మీకు జీతంగానో వాటాగానో ఇస్తుంది. "మా దగ్గర మీరు ఇండిపెండెంటే, పది కంపెనీలు అమ్మొచ్చు" అని ప్రకటనల్లో కనిపించేవాటిలో చాలా మటుకు ఇదే.

మూడోది సొంత కాంట్రాక్ట్. కంపెనీ కమీషన్ నేరుగా మీ ఖాతాకు వేస్తుంది. ఇలా చేసేవాళ్లలో కూడా ఎక్కువమంది ఒక ఎఫ్‌ఎంవో కింద ఉంటారు. ఎఫ్‌ఎంవో అంటే కంపెనీలకూ ఏజెంట్లకూ మధ్య ఉండే మార్కెటింగ్ సంస్థ. కాంట్రాక్టులు ఇప్పిస్తుంది, కొటేషన్ సాఫ్ట్‌వేర్ ఇస్తుంది, సందేహాలు తీరుస్తుంది. మెడికేర్‌లో (ప్రధానంగా 65 దాటినవాళ్లకు ఉండే ప్రభుత్వ బీమా) దానికి ఇన్సూరెన్స్ కంపెనీ విడిగా ఓవర్‌రైడ్ అనే రుసుము ఇస్తుంది, మీ కమీషన్‌లో కోత పడదు. కాబట్టి సొంతంగా చేయడమంటే ఒంటరిగా చేయడమనే భయం అక్కర్లేదు. నా మొదటి ఏడాది సొంత వ్యాపారంలో సగం ప్రశ్నలకు జవాబిచ్చింది మా ఎఫ్‌ఎంవోలోని ఒక అమ్మాయి. పాపం, రాత్రి తొమ్మిదికి మెసేజ్ పెట్టినా విసుక్కునేది కాదు.

ఎవరైనా ఆఫర్ ఇస్తే ఒక్క వాక్యం అడగండి: "కమీషన్ కంపెనీ నుంచి నేరుగా నాకు వస్తుందా, మీకు వచ్చి నాకు వస్తుందా?"

అడుగు 3: ఏం అమ్ముతారో తేల్చుకోండి

65 లోపువాళ్లకు మార్కెట్‌ప్లేస్ ప్లాన్లు అమ్మడం ఒక రకం వ్యాపారం, మెడికేర్ ఇంకో రకం, చిన్న కంపెనీలకు గ్రూప్ పాలసీలు మూడో రకం. సొంతమా ఏజెన్సీనా అన్న ప్రశ్నకు ఒక్కోదానిలో ఒక్కో జవాబు.

మార్కెట్‌ప్లేస్ అంటే 2010 నాటి అఫర్డబుల్ కేర్ యాక్ట్ కింద వచ్చిన, జనం ప్లాన్లు కొనుక్కునే ప్రభుత్వ వేదిక. చాలా రాష్ట్రాలు హెల్త్‌కేర్ డాట్ గవ్ వాడతాయి, కాలిఫోర్నియా లాంటివి సొంతంగా నడుపుకుంటాయి. ఏజెంట్ ఏటా శిక్షణ పూర్తిచేసి రిజిస్టర్ అవ్వాలి. కమీషన్ ఎక్కువగా మనిషికి నెలకు ఇంత అని వస్తుంది, కంపెనీని బట్టి, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. సొంతంగా మొదలుపెట్టడానికి నా దృష్టిలో అన్నిటికంటే తేలికైనది ఇదే, ఎందుకంటే మొదటి కస్టమర్లు మీ పరిచయస్తుల్లోనే దొరుకుతారు. ఉద్యోగం పోయి కోబ్రా (పాత కంపెనీ ఇన్సూరెన్స్‌ను సొంత డబ్బుతో కొనసాగించుకోవడం) ప్రీమియం చూసి గుండె గుభేల్మన్నవాళ్లు, సొంత ఎల్‌ఎల్‌సీ పెట్టుకున్నవాళ్లు, గ్రీన్ కార్డ్ మీద కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు. ఈ మూడో వర్గానికి తెలుగు ఏజెంట్ అవసరం నిజంగా ఉంది. గ్రీన్ కార్డ్ మీద వచ్చి, ఇక్కడ పనిచేసిన చరిత్ర లేనివాళ్లు 65 దాటినా, ఐదేళ్లు వరుసగా ఇక్కడ ఉంటే తప్ప మెడికేర్ కొనుక్కోలేరు. ఈలోపు మార్కెట్‌ప్లేస్ ప్లాన్ తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక ట్రావెల్ ఇన్సూరెన్స్‌తో నెట్టుకొస్తున్న ఇళ్లు ఎన్ని చూశానో.

ఈ వ్యాపారానికి ఉన్న రిస్క్ రాజకీయం. 2021లో పెంచిన ప్రీమియం సబ్సిడీలను 2025 చివరి వరకే పొడిగించారు. సబ్సిడీ తగ్గితే ప్రీమియం పెరుగుతుంది, కొందరు మానేస్తారు, మీ ఆదాయం తగ్గుతుంది. మీ తప్పేమీ ఉండదు.

మెడికేర్‌లో నిబంధనలు ఎక్కువ, కానీ కస్టమర్ నిలుస్తాడు. మెడికేర్ అడ్వాంటేజ్ (ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ ప్లాన్) కమీషన్‌కు గరిష్ఠ పరిమితిని, మెడికేర్‌ను నడిపే ఫెడరల్ సంస్థ సీఎంఎస్ ఏటా ప్రకటిస్తుంది. 2025లో చాలా రాష్ట్రాల్లో మొదటిసారి చేరితే 626 డాలర్లు, ఆ తర్వాత ఏటా 313 ఉండేది. కొత్తవాళ్లు తలకు ఆ పూర్తి మొత్తం చొప్పున గుణించుకుని కలలు కంటారు. కానీ అప్పటికే ఒక అడ్వాంటేజ్ ప్లాన్‌లో ఉన్న మనిషిని ఇంకోదానికి మారిస్తే వచ్చేది రెన్యువల్ రేటే. పూర్తి మొత్తం అడ్వాంటేజ్ ప్లాన్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ల మీదే. పైగా చేరిన మూడు నెలల్లోపు మానేస్తే సాధారణంగా మొత్తం వెనక్కి లాక్కుంటారు. మెడికేర్ మీకు కొత్త అయితే ఒక సీజన్ ఎవరి దగ్గరైనా చేయడంలో తప్పు లేదు.

గ్రూప్ పాలసీల గురించి ఒక్క మాట: అనుభవం లేకుండా ఒంటరిగా దిగకండి. ఒక చిన్న కంపెనీ రెన్యువల్‌లో పొరపాటు జరిగితే ముప్పై కుటుంబాల కవరేజ్ గందరగోళమవుతుంది.

అడుగు 4: డబ్బు ఎప్పుడొస్తుందో క్యాలెండర్ మీద రాయండి

నవంబర్ 1న మార్కెట్‌ప్లేస్ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే ఏటా అందరూ చేరే సమయం, మొదలైందనుకోండి. మీరు ఆ వారమే ఒక కుటుంబాన్ని చేర్చారు. కవరేజ్ జనవరి 1న మొదలవుతుంది, అదీ వాళ్లు మొదటి ప్రీమియం కడితేనే. కట్టకపోతే పాలసీయే లేదు, మీకు కమీషనూ లేదు. కట్టినా మీకు డబ్బు ముట్టేది సాధారణంగా జనవరి చివరో ఫిబ్రవరిలోనో. అంటే ఆగస్టులో పరీక్ష పాసైన మనిషి చేతికి మొదటి చెప్పుకోదగ్గ డబ్బు ఆరు నెలల తర్వాత. అది కూడా నెలనెలా చుక్కలుగా.

ఈలోపు ఖర్చులు మాత్రం ముందే వస్తాయి. లైసెన్సులు, రాష్ట్రానికి ఒక ఫీజు. ఈ అండ్ ఓ ఇన్సూరెన్స్, అంటే మీ సలహాలో పొరపాటు జరిగి ఎవరైనా కేసు వేస్తే కాపాడేది. అది లేకుండా చాలా కంపెనీలు కాంట్రాక్టే ఇవ్వవు. మెడికేర్ అయితే ఏహెచ్‌ఐపీ అనే బీమా కంపెనీల సంఘం ఇచ్చే సర్టిఫికేషన్ ఏటా చేయాలి: 175 డాలర్లు, కంపెనీ లింక్ ద్వారా వెళితే 125, యాభై ప్రశ్నల్లో 90 శాతం రావాలి. ఫోన్ సిస్టమ్, సాఫ్ట్‌వేర్. లీడ్స్ (కొనే అవకాశమున్నవాళ్ల వివరాలు) కొంటే వాటి ఖర్చుకు అంతే లేదు.

ఇంకో ఖర్చు కొత్తవాళ్లకు అసలు గుర్తుండదు. 1099 మీద వచ్చిన ఆదాయంలో ఇన్‌కమ్ ట్యాక్స్ కాక, 15.3 శాతం సెల్ఫ్-ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ ఉంటుంది. ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి నెలల 15న అంచనా పన్ను కట్టుకోవాలి. డబ్ల్యూ-2 జీతానికి అలవాటుపడ్డవాళ్లు మొదటి ఏడాది ఇక్కడే బోర్లాపడతారు. నేను పడ్డాను.

అందుకే నా లెక్క మొరటుగా ఉంటుంది. కమీషన్ మీద ఆధారపడకుండా ఇల్లు తొమ్మిది నెలలు గడుస్తుందా? భార్యో భర్తో జీతం ఉంటే, లేదా పొదుపు ఉంటే, సొంత కాంట్రాక్ట్ వైపు చూడండి. మూడు నెలలు కూడా కష్టమైతే జీతమిచ్చే ఏజెన్సీని వెతకండి. డబ్బు టెన్షన్‌లో ఉన్న ఏజెంట్, కస్టమర్‌కు పనికొచ్చే ప్లాన్ చెప్పలేడు. కమీషన్ ఎక్కువొచ్చే ప్లాన్ చెబుతాడు.

అడుగు 5: మొదటి యాభైమంది పేర్లు రాయండి

నిజంగానే ఒక కాగితం తీసుకుని రాయండి. ఈ ఏడాది మీ దగ్గర కొనే అవకాశం ఉన్నవాళ్ల పేర్లు. ఉద్యోగం ద్వారా ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లను కొట్టేయండి. మన సర్కిల్‌లో ఆ ఒక్క గీతతోనే ముప్పావువంతు పోతారు, చూస్తుండండి.

మిగిలింది పాతిక పేర్లయినా ఉంటే, అవతలివాళ్ల లీడ్స్ లేకుండా మొదలుపెట్టగలరు. నాలుగైదే ఉంటే మీకు లీడ్స్ కావాలి. లీడ్స్ ఇవ్వగలగడమే ఏజెన్సీకి ఉన్న అసలు బలం. శిక్షణ ఎక్కడైనా దొరుకుతుంది.

సొంతంగా లీడ్స్ కొని ఫోన్లు చేద్దామనుకుంటే జాగ్రత్త. 1991 నాటి టీసీపీఏ చట్టం కింద, అనుమతి లేకుండా ఆటోడయలర్‌తోనో రికార్డెడ్ వాయిస్‌తోనో సెల్‌ఫోన్లకు చేస్తే ఒక్కో కాల్‌కు 500 డాలర్లు, తెలిసి చేశారని తేలితే 1,500 వరకు కట్టాల్సి రావచ్చు. నేషనల్ డు నాట్ కాల్ జాబితా వేరే. లీడ్ అమ్మినవాడు "అందరూ అనుమతి ఇచ్చారు" అంటాడు. ఆ అనుమతి రికార్డు చూపించమంటే గొంతు తగ్గుతుంది.

అడుగు 6: మూడేళ్ల లెక్క వేయండి

ఇక్కడ ఊరికే ఊహ అంకెలతో వేస్తున్నాను. మీ కంపెనీ, మీ రాష్ట్రం అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి. మనిషికి నెలకు 20 డాలర్ల కమీషన్ అనుకుందాం. ఏటా నాలుగింట ఒకరు మానేస్తారనుకుందాం.

సొంతంగా: ఏటా 120 మందిని కొత్తగా చేర్చగలరు, ఖర్చులు ఏడాదికి 11,000. మొదటి ఏడాది కమీషన్ 28,800, ఖర్చు పోగా 17,800. రెండో ఏడాదికి పాతవాళ్లు 90 మంది మిగిలారు, కొత్త 120 కలిపి 210. ఖర్చు పోగా 39,400. మూడో ఏడాది దాదాపు 277 మంది, ఖర్చు పోగా 55,000 పైన.

ఏజెన్సీలో: లీడ్స్ వాళ్లే ఇస్తారు కాబట్టి ఏటా 250 మందిని చేర్చగలరు, మీ వాటా సగం, అంటే మనిషికి 10 డాలర్లు. ఖర్చు సున్నా అనుకుందాం. మొదటి ఏడాది 30,000. రెన్యువల్‌లో కూడా వాటా ఇస్తే రెండో ఏడాది 52,000 పైన, మూడో ఏడాది 69,000 పైన.

అంటే మూడేళ్లూ ఏజెన్సీయే గెలిచింది. సొంతంగా చేయమని చెప్పే నేను ఈ లెక్క దాచడం న్యాయం కాదు. లీడ్స్ మంచివై, రెన్యువల్‌లో వాటా ఉంటే ఏజెన్సీ మంచి బేరమే.

ఇప్పుడు రెండు చోట్ల అంకె మార్చండి. ఏజెన్సీ మొదటి ఏడాదికే వాటా ఇచ్చి రెన్యువల్ తనే ఉంచుకుంటే? మీకు ఏటా 30,000, ఎన్నేళ్లయినా అంతే. రెండోది, మూడో ఏడాది చివర మీరు మానేస్తే? సొంతంగా చేసినవాళ్లు ఆ తర్వాత ఒక్క కొత్త కస్టమర్‌ను చేర్చకపోయినా మరుసటి ఏడాది 200 మందికి పైగా రెన్యువల్ వస్తుంది, దాదాపు 50,000. ఏజెన్సీలో చేసినవాళ్లకు వచ్చేది కాంట్రాక్ట్‌లో వెస్టింగ్ క్లాజు (మానేశాక రెన్యువల్ మీకు దక్కుతుందో లేదో చెప్పేది) ఏమంటే అది. చాలా ఎల్‌వోఏ కాంట్రాక్టుల్లో అది సున్నా.

ఈ లెక్క నేను మొదటి రోజే వేసి ఉంటే బాగుండేది. ఎంత శాతం ఇస్తారని మూడుసార్లు అడిగాను, మానేస్తే ఏమవుతుందని ఒక్కసారీ అడగలేదు.

అడుగు 7: కాంట్రాక్ట్ చదవండి, ఈ వరుసలో

కాంట్రాక్ట్‌ను మొదటి పేజీ నుంచి చదివితే నిద్రొస్తుంది. చివరి నుంచి, విడిపోవడం గురించి రాసిన చోటు నుంచి మొదలుపెట్టండి.

వెస్టింగ్: మీరు వెళ్లిపోయాక కూడా పాత కస్టమర్ల రెన్యువల్ మీకు వస్తుందా? వస్తే మొదటి రోజు నుంచా, రెండు మూడేళ్ల తర్వాతా? "ఫర్ కాజ్" కింద, అంటే మీ తప్పు చూపించి, తీసేస్తే పోతుందని ఉంటే, ఆ కారణాల జాబితా చూడండి. కొన్ని కాంట్రాక్టుల్లో ఆ జాబితా ఎంత వెడల్పుగా ఉంటుందంటే, ఈమెయిల్‌కు ఆలస్యంగా జవాబిచ్చినా అందులోకి లాగొచ్చు.

రిలీజ్: కంపెనీలతో మీ కాంట్రాక్టులు ఈ ఏజెన్సీ కిందో ఎఫ్‌ఎంవో కిందో ఉంటాయి. వేరేచోటికి మారాలంటే వాళ్లు రిలీజ్ లెటర్ ఇవ్వాలి. ఇవ్వకపోతే కంపెనీని బట్టి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలల్లో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ పడితే ఏడాది పోయినట్టే. "ఎప్పుడు అడిగినా షరతుల్లేకుండా రిలీజ్ ఇస్తాం" అని రాసివ్వమనండి. సొంత కాంట్రాక్ట్ ఇప్పించే ఎఫ్‌ఎంవోను కూడా ఇదే అడగాలి.

నాన్-సొలిసిటేషన్: మానేశాక పాత కస్టమర్లకు ఎన్నాళ్లు ఫోన్ చేయకూడదు? ఇక్కడ ఒక మార్పు అడగొచ్చు, చాలామందికి తెలియదు. ఏజెన్సీ లీడ్ ద్వారా వచ్చినవాళ్లు ఏజెన్సీవాళ్లు, మీరు సొంతంగా తెచ్చినవాళ్లు మీవాళ్లు అని విడిగా రాయించుకోవచ్చు. మీ పెద్దమ్మ కొడుకుని మీరు చేర్చి, రెండేళ్ల తర్వాత అతని ఫోన్ ఎత్తకూడదంటే ఎలా ఉంటుంది? నాకు సరిగ్గా అదే జరిగింది. మా కజిన్ "ప్లాన్ మార్చాలి" అని ఫోన్ చేస్తే, "నేను మాట్లాడకూడదు, ఈ నంబర్‌కి చెయ్" అని ఏజెన్సీ నంబర్ ఇచ్చాను. అతను ఇప్పటికీ ఏడిపిస్తుంటాడు.

చార్జ్‌బ్యాక్, అడ్వాన్స్: కొన్ని పాలసీల మీద ఆరు, తొమ్మిది నెలల కమీషన్ ముందే ఇస్తారు. వినడానికి బాగుంటుంది, కానీ అది అప్పు. కస్టమర్ రెండో నెలలో మానేస్తే మిగతాది వెనక్కి కట్టాలి. కట్టకపోతే ఆ బాకీ వెక్టర్ వన్ అనే సంస్థ రికార్డుల్లోకి ఎక్కుతుంది. కాంట్రాక్ట్ ఇచ్చేముందు చాలా కంపెనీలు అక్కడ మీ పేరు వెతుకుతాయి. బాకీ కనిపిస్తే తలుపు మూసుకుంటుంది. మొదటి ఏడాది అడ్వాన్సులు తీసుకోకపోవడమే మేలు.

చిన్నవి ఇంకొన్ని: ఈ అండ్ ఓ ఎవరు కడతారు, నెలకు ఇన్ని అమ్మాలనే షరతుందా, లీడ్ ఖర్చు మీ వాటాలోంచి కోస్తారా, మీ సొంత వెబ్‌సైట్ పెట్టుకోవచ్చా.

అర్థం కాని చోట గంటకు డబ్బు తీసుకునే లాయర్‌కు చూపించండి. మూడేళ్ల రెన్యువల్‌తో పోలిస్తే ఆ ఫీజు లెక్కలోది కాదు.

అడుగు 8: ఏజెన్సీని మీరే ఇంటర్వ్యూ చేయండి

మేనేజర్‌తో మాట్లాడడం కంటే అక్కడ రెండేళ్లు చేసి మానేసిన ఒక ఏజెంట్‌తో మాట్లాడండి. లింక్డిన్‌లో దొరుకుతారు. డబ్బు సమయానికి వచ్చేదా, మానేశాక ఏమైంది, అంతే అడగండి.

వాళ్లు ఎక్కువగా ఏం అమ్ముతారో చూడండి. ఫిక్స్‌డ్ ఇండెమ్నిటీ ప్లాన్లు, షార్ట్-టర్మ్ ప్లాన్లు, హెల్త్ షేరింగ్ లాంటివాటిని పూర్తి హెల్త్ ఇన్సూరెన్స్‌లా చెప్పి అమ్మించే చోట్లున్నాయి. రోజుకు ఇంత అని ఇచ్చే ఇండెమ్నిటీ ప్లాన్, ఆస్పత్రి బిల్లు లక్ష డాలర్లొచ్చిన రోజున ఏ మూలకూ రాదు. అలాంటివాటి మీద కమీషన్ తరచూ ఎక్కువ ఉంటుంది, అందుకే తోస్తారు. స్క్రిప్ట్ చూపించమనండి. "ఇది ఒబామాకేర్ కంటే మంచిది, పైగా చవక" అనే వాక్యం అందులో ఉంటే ఆ ఆఫీసులోంచి లేచి వచ్చేయండి.

మీ ఎన్‌పీఎన్, పోర్టల్ పాస్‌వర్డ్ అడిగి "అప్లికేషన్లు మా బ్యాక్ ఆఫీస్ వాళ్లు వేస్తారు" అన్నా సరే, లేచి వచ్చేయండి. కారణం తర్వాతి అడుగులో ఉంది.

అడుగు 9: కాగితాల పని ఎవరు చూస్తారు?

హెల్త్‌కేర్ డాట్ గవ్ ఉన్న రాష్ట్రాల్లో కస్టమర్ అనుమతినీ, అప్లికేషన్‌లోని వివరాలను అతను చూసి సరే అన్న సంగతినీ ఏజెంట్ రికార్డు చేసి పదేళ్లు దాచాలి. కస్టమర్‌కు తెలియకుండా ప్లాన్లు, ఏజెంట్ పేర్లు మార్చేస్తున్నారని ఫిర్యాదులు వెల్లువెత్తడంతో, అప్పటికే వేరే ఏజెంట్ ఉన్న కస్టమర్ విషయంలో 2024 జూలై నుంచి సీఎంఎస్ కట్టడి పెట్టింది. కొత్త ఏజెంట్ తన పేరు ఎక్కించుకోవాలంటే కస్టమర్‌తో కలిసి మార్కెట్‌ప్లేస్ కాల్ సెంటర్‌కు ఫోన్ చేయాలి, లేదా కస్టమరే మార్చుకోవాలి. మీ లాగిన్‌తో ఇంకెవరో ఇలాంటి పని చేస్తే సస్పెండ్ అయ్యేది మీరు.

మెడికేర్‌లో అమ్మకం, చేరిక ఫోన్ కాల్స్ రికార్డు చేయాలి. ఏ విషయాలు మాట్లాడతారో ముందే స్కోప్ ఆఫ్ అపాయింట్‌మెంట్ ఫారం తీసుకోవాలి. మంచి ఏజెన్సీ ఇవన్నీ చూసుకుంటుంది, ఆ మేరకు అది తీసుకునే వాటాకు విలువ ఉంది. సొంతంగా చేస్తే వారానికి కొన్ని గంటలు వీటికే పోతాయి. కాగితాలు సర్దుకోవడమంటే ఒళ్లు మండేవాళ్లు సొంత వ్యాపారం గురించి రెండోసారి ఆలోచించండి. నవ్వులాటకు అనడం లేదు. నాకు తెలిసినవాళ్లలో వెనక్కి ఏజెన్సీకి పోయినవాళ్లు ఎక్కువమంది ఈ కారణంతోనే పోయారు, అమ్మలేక కాదు.

అడుగు 10: తేల్చండి, కానీ సరైన నెలలో

తొమ్మిది నెలలు గడిచే దారి ఉండి, పాతిక పేర్లు ఉండి, కాగితాలంటే విసుగు లేకపోతే సొంత కాంట్రాక్ట్ తీసుకోండి, రిలీజ్ రాసిచ్చే ఎఫ్‌ఎంవో కింద. మొదటి ఏడాది మూడు నాలుగు కంపెనీలు, ఒకటి రెండు రాష్ట్రాలు చాలు.

డబ్బు, పేర్లు రెండూ లేకపోతే జీతమో మంచి లీడ్సో ఇచ్చే ఏజెన్సీలో చేరండి, సొంతంగా తెచ్చిన కస్టమర్లు మీవాళ్లేనని రాయించుకుని. దాన్ని జీతమిచ్చే చదువు అనుకోండి. రెండు సీజన్లు అని గడువు ముందే పెట్టుకోండి, లేకపోతే అలవాటైపోతుంది. పేర్లున్నాయి, డబ్బు లేదంటే ఉద్యోగం ఉంచుకుని సొంత కాంట్రాక్ట్ మీద పార్ట్-టైమ్. వేగం తక్కువే, నేను చూసినవాళ్లలో ఎక్కువమంది నిలదొక్కుకున్నది ఈ దారిలో. డబ్బుంది, పేర్లు లేవంటే తొందరపడి లీడ్స్ కొనకండి. ఒక ఏడాది జనంలో తిరిగి, ఉచితంగా ప్రశ్నలకు జవాబులు చెప్పండి.

ఇక నెల సంగతి. ఏహెచ్‌ఐపీ శిక్షణ సాధారణంగా జూన్ చివర తెరుచుకుంటుంది. మెడికేర్ ప్రచారం అక్టోబర్ 1న, చేరికలు అక్టోబర్ 15న మొదలై డిసెంబర్ 7 వరకు సాగుతాయి. మార్కెట్‌ప్లేస్ నవంబర్ 1న. కంపెనీలు కొత్త కాంట్రాక్ట్ ప్రాసెస్ చేయడానికి వారాలు పడుతుంది, సీజన్ దగ్గరపడ్డాక చాలా కంపెనీలు ఒక అప్‌లైన్ (మీ పైన ఉండే ఏజెన్సీ లేదా ఎఫ్‌ఎంవో) నుంచి ఇంకో అప్‌లైన్‌కి మారడాన్ని ఆపేస్తాయి. చేరడమైనా బయటపడడమైనా ఫిబ్రవరి నుంచి జూన్ లోపు చేసుకుంటే మీ చేతిలో బేరమాడే సమయం ఉంటుంది. సెప్టెంబర్ చివర్లో కాంట్రాక్ట్ పంపి ఈ రాత్రికే సంతకం పెట్టమనేవాళ్లకు ఈ క్యాలెండర్ బాగా తెలుసు. మొన్న ఫోన్ చేసిన అమ్మాయికి కూడా అదే చెప్పాను. వెస్టింగ్, రిలీజ్ గురించి రెండు ప్రశ్నలు ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా ఆగమన్నాను. జవాబు రావడానికి పదకొండు రోజులు పట్టింది. రిలీజ్‌కు ఒప్పుకున్నారు, వెస్టింగ్‌కు ఒప్పుకోలేదు. ఆమె ఒక్క సీజన్‌కే చేరింది. తన సొంత పాతిక పేర్ల కాగితం మాత్రం ఇంకా డ్రాయర్‌లోనే ఉంచింది.